రేపు ఓటకామ్, దానికి ముందు లబ్బీపేటలో గంటకు 250 రూపాయల కొండ

రేపు, అంటే 2025 జూలై 17న, టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసులో పన్నెండో స్టేజి, అంటే పన్నెండో రోజు రేసు. ఓష్ అనే ఊరి నుంచి ఓటకామ్ కొండ మీదకి 180 కిలోమీటర్లు, ఈ ఏడాది రేసు పిరనీస్ కొండల్లోకి అడుగు పెట్టేది రేపే. ఈ రాత్రి నిద్ర ఎలాగూ సరిగ్గా పట్టదు కాబట్టి ఎప్పటినుంచో రాద్దామనుకుంటూ వాయిదా వేస్తున్న రివ్యూ ఇప్పుడే రాసేస్తున్నాను. లబ్బీపేటలో ఒక సైకిల్ షాపు గురించి. ముందు భాగం మామూలు షాపే, పిల్లల సైకిళ్ళు, హైబ్రిడ్లు, గోడకి వేలాడే టైర్లు, ఓ మూల రబ్బరు వాసన. వెనక గదిలోకి వెళ్తే రెండు స్మార్ట్ ట్రైనర్లు (సైకిల్ బిగించి ఉన్నచోటే తొక్కే యంత్రాలు), ఒక పెద్ద టీవీ, కాసిని ప్లాస్టిక్ కుర్చీలు. గంటకు 250 రూపాయలు ఇస్తే మీకు ఏ కొండ కావాలంటే ఆ కొండ ఎక్కిస్తారు. జూలై నెలంతా సాయంత్రం పూట టీవీలో టూర్ పెడతారు, దానికి డబ్బులు తీసుకోరు. షాపు పేరు రాయొద్దని ఓనరు గారే అన్నారు, ఉన్న కుర్చీలు ఇప్పుడొచ్చే వాళ్ళకే చాలట్లేదట. కావాల్సిన వాళ్ళు పొద్దున్నే బందరు రోడ్డు మీద హెల్మెట్ పెట్టుకుని తిరిగే ఎవర్ని ఆపి అడిగినా చెప్తారు.

సైకిల్ కొనాలనుకునే వాళ్ళకి ఈ రివ్యూ పెద్దగా పనికిరాదు. ధరలు బయట ఎంతో అక్కడా అంతే, స్టాకు మాత్రం తక్కువ. టూర్ చూసేవాళ్ళ కోసం రాస్తున్నాను, అందులోనూ మొదటి వారమంతా హైలైట్స్‌తో సరిపెట్టుకుని కొండలు రాగానే నిటారుగా లేచి కూర్చునే వాళ్ళ కోసం. నేను చెప్పేది ఒక్కటే. మొదటి కొండ స్టేజికి ముందు ఒక్కసారైనా ఆ వాలు ఎంతుంటుందో మీ కాళ్ళకి తెలిస్తే, టీవీలో మీకు కనిపించే రేసే వేరు. విజయవాడలో అది తెలుసుకునే చోటు నాకు తెలిసినంతలో ఇదొక్కటే, అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను.

ఊళ్ళో కొండలు లేవా అని అడుగుతారు, ఎందుకు లేవు, ఇంద్రకీలాద్రి ఉంది, గుణదల ఉంది, గాంధీ కొండ ఉంది, ఏరు దాటితే ఉండవల్లి, ఇంకాస్త పోతే మంగళగిరి. కానీ ఇవన్నీ మెట్లెక్కి మొక్కు తీర్చుకునే కొండలు. సైకిల్ మీద కాలు ఆపకుండా గంటసేపు ఎక్కే రోడ్డు మన చుట్టుపక్కల లేదు. అమ్మవారి ఘాట్ రోడ్డు ఎంతసేపూ జనంతో, బస్సులతో నిండి ఉంటుంది, అక్కడ సైకిల్ తొక్కుతానంటే పోలీసులు కాదు, ముందు భక్తులే తిడతారు. ఇక మనకి దొరికే ఎక్కుడు అంటే 2020లో తెరిచిన కనకదుర్గ ఫ్లైఓవర్, మొత్తం కలిపి 2.6 కిలోమీటర్లు, అందులో ఎక్కే ముక్క ఊపిరి అందుకునే లోపే అయిపోతుంది. బ్యారేజీ దాటి కరకట్ట మీద అమరావతి వైపు వెళ్తే రోడ్డు బల్లపరుపు, ఎదురుగాలి ఒక్కటే మనకున్న కొండ. అక్కడ గంటకి 30 కిలోమీటర్ల వేగంతో తొక్కి వచ్చి టీవీ ముందు కూర్చుని "వీళ్ళేంటి గంటకి 20తో ఎక్కుతున్నారు" అనుకునే వాళ్ళు నాకు చాలామంది తెలుసు.

ఓటకామ్ అంకెలు చూడండి. పొడుగు 13.5 కిలోమీటర్లు, సగటు వాలు 7.8 శాతం, అంటే కింద నుంచి పైకి వెయ్యి మీటర్లకి పైనే ఎత్తు. ఈ 7.8 అనే అంకెని నమ్మితే మోసపోతారు, ఎందుకంటే ఆ రోడ్డు ఒక తీరున ఎక్కదు. కాసేపు తేలిగ్గా ఉన్నట్టుంటుంది, ఇంతలో పదికి పైన లేస్తుంది, మళ్ళీ పడిపోతుంది, మళ్ళీ లేస్తుంది. ఒక లయ పట్టుకుని ఎక్కుదామనుకునే వాళ్ళకి అది పడదు.

75 కిలోల మనిషి 9 కిలోల సైకిల్ మీద ఆ వాలు మీద గంటకి 10 కిలోమీటర్ల వేగంతో పోవాలంటే కాళ్ళు దాదాపు 190, 200 వాట్ల శక్తి పుట్టించాలి. మనలో రోజూ తొక్కే వాళ్ళకి కూడా గంటసేపు ఆ వాట్లు నిలబెట్టడం చిన్న విషయం కాదు. అలా తొక్కినా పైకి చేరడానికి గంటా ఇరవై నిమిషాలు పడుతుంది. రేపు ముందుండే వాళ్ళు అదే రోడ్డుని 40 నిమిషాల లోపే కొట్టేస్తారు, అదీ అప్పటికే మరో రెండు కనుమలు దాటొచ్చిన కాళ్ళతో.

ఇప్పుడు ట్రైనర్ సంగతి. మీ సైకిల్ మీరే తీసుకెళ్ళాలి. వెనక చక్రం ఊడదీసి, చైన్‌ని ట్రైనర్‌కున్న క్యాసెట్ (గేర్ల పళ్ళ చక్రాల గుత్తి) మీదకి నేరుగా ఎక్కిస్తారు. లోపల బరువైన ఫ్లైవీల్, దాన్ని పట్టి ఉంచే అయస్కాంతాల బ్రేకు. కొండ రోడ్డు జీపీఎస్ ఫైలు కంప్యూటర్‌లో పెడితే ప్రతి మలుపు దగ్గరా వాలు ఎంతో ట్రైనర్‌కి అందుతుంది, దానికి తగ్గట్టు బ్రేకు బిగుస్తుంది, వదులవుతుంది. ఇంట్లో ట్రైనర్ ఉన్నవాళ్ళకి ఇది కొత్త కాదు. కానీ వాళ్ళకి కూడా ఒక మాట. ట్రైనర్ మీద తొక్కేవాళ్ళు వాడే జ్విఫ్ట్ అనే యాప్‌లో ట్రైనర్ డిఫికల్టీ అని ఒక సెట్టింగ్ ఉంటుంది, మనం ముట్టుకోకపోతే అది సగం దగ్గరే ఉంటుంది. తెర మీద 8 శాతం కనిపిస్తుంటుంది, కాలికి 4 శాతమే తగులుతుంది. మోసం అనలేం, ఎందుకంటే పైకి చేరడానికి పట్టే వాట్లు, టైము అవే. గేర్ల దగ్గర మాత్రం తేడా వస్తుంది, అసలు కొండ మీద చిన్న గేరు అయిపోయి పెడల్ కదలని స్థితి ఇంట్లో ఎప్పటికీ రాదు. ఈ షాపులో ఓనరు గారు అడక్కుండానే దాన్ని నూటికి నూరు చేసి పెడతారు. ఒకాయన "ఏమండీ, కాస్త తగ్గించండి" అని బతిమాలితే "తగ్గిస్తే అది ఓటకామ్ ఎందుకవుతుందండీ, ఏలూరు కాలవగట్టు అవుతుంది" అన్నారు. ఆ ఒక్క మాటకే నేను ఈ షాపుకి అభిమానినయిపోయాను.

నూరు శాతం మీద ఎక్కితే ఏమవుతుందో చెప్తాను. మొదటి రెండు కిలోమీటర్లు ధైర్యంగానే ఉంటుంది. మూడో కిలోమీటర్లో ముందు 34, వెనక 28 పళ్ళ గేరు కూడా పెద్దదనిపిస్తుంది, ఇంకో గేరు ఉందేమోనని వేలు ఊరికే లివర్ నొక్కుతూ ఉంటుంది. పెడల్ నిమిషానికి అరవై సార్లు తిరగడం కూడా కష్టమైపోతుంది. కూర్చుంటే నడుము లాగేస్తుంది, నిలబడితే గుండె దడ. వాలు 10 నుంచి 6కి దిగినప్పుడు హమ్మయ్య అనుకుంటాం కదా, సరిగ్గా అక్కడే తెలిసి తెలిసి గట్టిగా తొక్కేసి దమ్ము అయిపోగొట్టుకుంటాం, మళ్ళీ 10 రాగానే దాని ఫలితం కనిపిస్తుంది. టీవీలో ఒకడు ఉన్నట్టుండి గుంపు వెనక్కి జారిపోతుంటే "వీడికేమైంది, బాగానే ఉన్నాడుగా" అంటామే, వాడికేమైందో ఈ కుర్చీల్లో కూర్చున్న వాళ్ళందరికీ తెలుసు. గంటలో నేను పైదాకా చేరను, మీరూ చేరరు. ఫర్వాలేదు, అక్కడ ఎవరూ నవ్వరు.

లోపాలు కూడా ఉన్నాయి, మొహమాటం లేకుండా రాస్తాను. గదిలో ఒకటే ఏసీ, ఒకటే పెద్ద ఫ్యాను. ఫ్యాను మొదటి ట్రైనర్ వైపే తిప్పి ఉంటుంది, అది అక్కణ్ణుంచి కదలదు. బయట తొక్కేటప్పుడు గాలి ఎదురుగా కొట్టి ఒళ్ళు చల్లబరుస్తుంది, ట్రైనర్ మీద ఆ గాలి ఉండదు, చెమట ఆరదు, ఒళ్ళు వేడెక్కి అదే వాట్లకి గుండె వేగం పెరిగిపోతుంది. జూలైలో విజయవాడ ఉక్కపోత ఎలా ఉంటుందో కొత్తగా చెప్పక్కర్లేదు. కాబట్టి బుక్ చేసేటప్పుడు మొదటి ట్రైనరే అడగండి, ఇవ్వకపోతే టైము మార్చుకోండి. రెండో దానికి ఇంకో జబ్బు ఉంది, వాట్లు ఎక్కువ చూపిస్తుంది. కాస్త వేడెక్కాక వేగంగా తొక్కి వదిలేసి, ఎంతసేపట్లో ఆగుతుందో చూసి సరిచేసే పద్ధతి ఒకటుంది, అది చేయమని అడిగితే చేస్తారు, అడగకపోతే ఎవరూ పట్టించుకోరు. పట్టించుకోకపోవడానికి కారణం ఉందని నా అనుమానం, దాని మీంచి దిగినవాళ్ళు తెర మీద అంకె చూసుకుని మహా సంతోషంగా ఇంటికి వెళ్తున్నారు.

కరెంటు పోతే టీవీకి, వైఫైకి ఇన్వర్టర్ ఉంది, ఏసీకి లేదు. పెద్ద తువ్వాలు, రెండు సీసాల నీళ్ళు మీవే తెచ్చుకోండి. డిస్కు బ్రేకుల సైకిలైతే వెనక ఇరుసు ఏ రకమో ముందు ఫోన్ చేసి చెప్పండి, అన్నిటికీ సరిపోయే అడాప్టర్లు వాళ్ళ దగ్గర లేవు. టీ గురించి ఏమీ అనను, పక్క సందులో బండి మీద పునుగులు మాత్రం బాగుంటాయి, కానీ అవి తొక్కిన తర్వాతే, ముందు తింటే ఏమవుతుందో చూసినవాణ్ణి.

సర్వీసుకి వస్తే, మెకానిక్ కుర్రాడు పనిమంతుడు. గేర్లు సరిచేసే తీరు చూడాలి, చైన్ చప్పుడు విని ఏ పన్ను దగ్గర ఎక్కట్లేదో చెప్పేస్తాడు. వెనక 28 పళ్ళ క్యాసెట్ తీసేసి 34 పళ్ళది వేయమంటే వెనక డీరేలర్ (చైన్‌ని గేరు నుంచి గేరుకి జరిపే పరికరం) చూసి "అన్నా, దీనికి 34 పట్టదు, 32 దాకానే వెళ్తుంది, 34 కావాలంటే డీరేలర్ కూడా మార్చాలి, ఖర్చు మీ ఇష్టం" అని నిజం చెప్పాడు. అంటగట్టే రకం కాదు. కానీ సాయంత్రానికి ఇస్తామన్నది ఎప్పుడూ సాయంత్రానికి రాదు, ఆలస్యమైతే ఫోన్ చేసి చెప్పే అలవాటు ఆ షాపులో ఎవరికీ లేదు, మనమే వెళ్ళి కనుక్కోవాలి. ట్రైనర్‌కి ఐదుకి నాలుగున్నర ఇస్తాను, సర్వీసుకి మూడు. ఆ మూడులో రెండున్నర ఆ కుర్రాడివే.

ఆ కుర్రాడికే ఓనరు గారు ఒకరోజు 1913 టూర్‌లో యూజీన్ క్రిస్టోఫ్ కథ చెప్తుంటే విన్నాను. పిరనీస్‌లో టూర్మలే కనుమ దిగుతుంటే ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు విరిగిపోయింది, బయటివాళ్ళ సాయం తీసుకోకూడదని రూలు, సైకిల్ మోసుకుంటూ కిలోమీటర్ల కొద్దీ నడిచి కింద ఊళ్ళో కమ్మరి కొలిమి దగ్గర తన ఫోర్కు తనే అతికించుకున్నాడు. కొలిమి తిత్తి ఊదిన పిల్లాడి సాయం తీసుకున్నందుకు అధికారులు అదనంగా శిక్ష టైము కూడా వేశారు. మా మెకానిక్ అంతా విని "మరి లేబర్ చార్జీ ఎవరికిచ్చాడంట?" అన్నాడు.

ఈ గదిలో కూర్చుని టూర్ చూడటం గురించి కూడా చెప్పాలి, సగం మజా అక్కడే. సాయంత్రం అయిదు లోపే స్టేజి మొదలవుతుంది మన టైము ప్రకారం, అయిపోయేసరికి తొమ్మిది అటూ ఇటూ అవుతుంది. ఆఫీసుల నుంచి వచ్చేవాళ్ళకి సరిగ్గా కొండ మొదలయ్యేసరికి చేరుకునే వీలుంటుంది. ఇంజనీరింగ్ కుర్రాళ్ళు, ఒక బ్యాంకు ఉద్యోగి, రిటైరైన లెక్చరర్ గారొకరు, ఆయన పక్కనే ఎప్పుడూ ఆయన మనవడు. మొదటి వారంలో సగం కుర్చీలు ఖాళీ. మొదటి కొండ స్టేజి దగ్గరపడేకొద్దీ అటూ ఇటూ జరిగి కూర్చోవాల్సి వస్తుంది. ఎందుకింత మోజు అంటే, చదును రోడ్డు మీద బలవంతుడికీ బలహీనుడికీ తేడా తెలియదు. గుంపు మధ్యలో దాక్కుంటే ముందువాడు గాలిని చీల్చి పెడతాడు, వెనకవాడికి మూడో వంతు దాకా శ్రమ తప్పుతుంది. కొండ ఎక్కేటప్పుడు వేగం తగ్గిపోతుంది కాబట్టి ఆ దాగుడుమూతలు పెద్దగా సాగవు, ఎవడి బరువు వాడు మోసుకోవాల్సిందే. అప్పటిదాకా ఎవరేం మాట్లాడినా, ఎంత నవ్వుతూ ఇంటర్వ్యూలు ఇచ్చినా, అసలు లెక్క అక్కడ బయటపడుతుంది.

ఇది ఈనాటి సంగతి కాదు. 1910లో మొదటిసారి పిరనీస్ పెద్ద కనుమల మీదకి రేసుని పంపించారు. అంతకు ముందు దారి చూసి రమ్మని పంపిన స్టైనెస్ అనే ఆయన టూర్మలే మీద మంచులో చిక్కుకుని చావు తప్పి బయటపడ్డాడు. బయటపడి ఏం తంతి ఇచ్చాడయ్యా అంటే, రోడ్డు చాలా బాగుంది, హాయిగా వెళ్ళొచ్చు అని. ఆ మాట నమ్మి లూషాన్ నుంచి బయోన్ దాకా 326 కిలోమీటర్ల స్టేజి పెట్టారు, పేరెసూర్ద్, ఆస్పాన్, టూర్మలే, ఓబిస్క్, అన్నీ ఒకే రోజు. ఒక్టావ్ లపీజ్ ఓబిస్క్ మీద అధికారుల వైపు చూసి హంతకులు అని అరిచాడు, ఆ స్టేజీ గెలిచాడు, ఆ ఏడాది టూరూ గెలిచాడు. మా గదిలో కొత్తగా ట్రైనర్ ఎక్కిన వాళ్ళు మూడో కిలోమీటర్ దగ్గర ఓనరు గారి వైపు చూసే చూపు ఉంటుంది చూడండి, లపీజ్ మాటే, కాకపోతే నోటితో అనరు.

దగ్గరి ఏళ్ళు చూసినా అంతే. 2013లో ఆక్స్ త్రవా దొమేన్, 2015లో పియేర్ సాంమార్తాన్, రెండు చోట్లా మొదటి పెద్ద కొండ మీద క్రిస్ ఫ్రూమ్ ఒక్క దెబ్బతో మిగతావాళ్ళని విడగొట్టాడు, రెండుసార్లూ పారిస్‌లో పసుపు జెర్సీ (మొత్తం టైములో ముందున్నవాడు వేసుకునేది) అతనిదే. నిరుడు, 2024లో, ఇంకా ముందే, నాలుగో స్టేజిలోనే గలిబియే కనుమ ఎక్కించారు, పైకి చేరే ముందు దాడి చేసి, అవతలి వైపు దిగుతూ స్లొవేనియా వాడు పొగాచర్ వెళ్ళిపోయాడు, అతని పెద్ద పోటీదారు, డెన్మార్క్ వాడు వింగెగార్డ్ కంటే 37 సెకన్లు ముందు చేరి జెర్సీ వేసుకున్నాడు, మళ్ళీ విప్పలేదు. ఓటకామ్‌కి కూడా సొంత చరిత్ర ఉంది, అంతా గర్వంగా చెప్పుకునేది కాదు. 1996లో బ్యార్నె రీస్ అక్కడ వెనక్కి జారి, పక్కవాళ్ళ మొహాలు ఒక్కొక్కటీ చూసి, అలిసిపోయారని తేల్చుకుని వెళ్ళిపోయాడు, పదకొండేళ్ళ తర్వాత 2007లో నిషేధించిన మందులు వాడానని ఒప్పుకున్నాడు. 2000లో ఆర్మ్‌స్ట్రాంగ్ జెర్సీ వేసుకున్నదీ ఆ కొండ మీదే, అతని టూర్ టైటిళ్ళన్నీ తర్వాత కొట్టేశారు. 2014లో అక్కడ గెలిచింది నీబలీ. 2022లో వింగెగార్డ్, ఆ రోజు సంగతి మాత్రం మర్చిపోలేం. అంతకు ముందు కనుమ దిగుతూ పొగాచర్ పడితే వింగెగార్డ్ ఆగాడు, ఇద్దరూ చెయ్యి కలిపారు, ఆ తర్వాత ఓటకామ్ మీద తన టీమ్‌ వాడు వాన్ ఆర్ట్ ముందుండి లాగుతుంటే వింగెగార్డ్ పొగాచర్‌ని వదిలించుకుని నిమిషానికి పైగా తేడాతో గెలిచాడు.

ఇప్పుడు రేపటి టెన్షన్ ఏంటంటే, ఈ రోజు తులూజ్‌లో ఆఖరి కిలోమీటర్లలో పొగాచర్ మళ్ళీ పడ్డాడు. స్టేజి అబ్రహాంసెన్ గెలిచాడు కానీ గదిలో ఆ గెలుపు గురించి మాట్లాడినవాళ్ళు ఒక్కరూ లేరు. మిగతావాళ్ళు వేగం తగ్గించి పొగాచర్ వచ్చేదాకా ఆగారు, టైము పోలేదు, కానీ ఒంటికి దెబ్బ ఎంత తగిలిందో రాత్రి పడుకుని లేస్తే గానీ అతనికే తెలియదు. రోడ్డు మీద పడ్డ మరుసటి రోజు ఒళ్ళు ఎలా బిగుసుకుపోతుందో సైకిల్ తొక్కే ప్రతివాడికీ అనుభవమే. జెర్సీ ఇప్పుడు బెన్ హీలీ దగ్గర ఉంది, 1987లో స్టీఫెన్ రోష్ తర్వాత పసుపు వేసుకున్న ఐర్లండ్ వాడు ఇతనే, పాపం రేపు సాయంత్రం దాకానే అని అందరూ అనుకుంటున్నారు. పొగాచర్ 29 సెకన్ల వెనక, వింగెగార్డ్ ఒక నిమిషం 46 సెకన్ల వెనక. వాళ్ళిద్దరి మధ్య తేడాలో పెద్ద ముక్క కాన్ ఊళ్ళో టైమ్ ట్రయల్ (ఒక్కొక్కరూ విడిగా గడియారంతో పోటీపడే స్టేజి) రోజు వింగెగార్డ్ పోగొట్టుకున్నదే.

పదో స్టేజి కూడా కొండ స్టేజే కదా అని మీరనొచ్చు, ఓనరు గారూ అన్నారు. మధ్య ఫ్రాన్సులో ఎక్కుతూ దిగుతూ సాగింది, సైమన్ యేట్స్ గెలిచాడు, హీలీకి జెర్సీ వచ్చింది, అంతా నిజమే. కానీ అక్కడ ముఖ్యులిద్దరూ, పొగాచర్, వింగెగార్డ్, ఒకరి నీడలో ఒకరు వచ్చి చేరారు, ఎవరి చేతిలో ఎంతుందో తేలలేదు. నా లెక్కలో మొదటి కొండ స్టేజి రేపటిదే.

గదిలో రెండు పార్టీలు. లెక్చరర్ గారిది వింగెగార్డ్ పార్టీ, ఆయన వాదన బలంగానే ఉంది. పొగాచర్ టీమ్‌లో కొండల్లో అండగా ఉండాల్సిన అల్మెయిడా పక్కటెముక విరిగి తొమ్మిదో స్టేజిలోనే ఇంటికి వెళ్ళిపోయాడు, అవతల వింగెగార్డ్ టీమ్‌లో సైమన్ యేట్స్, కస్, జోర్గెన్సన్ ముగ్గురూ ఉన్నారు, ఓటకామ్‌కి ముందొచ్చే సూలోర్ కనుమ నుంచే వంతులవారీగా వేగం పెంచితే పొగాచర్ ఒంటరి అవుతాడు, 2022లో గ్రానోన్ కొండ స్టేజిలో చేసింది అదే కదా అని. ఓనరు గారు పొగాచర్ మనిషి, ఆయన వాదించరు, "రేపు చూద్దాం మాస్టారూ" అని టీ తెప్పిస్తారు. నేను లెక్చరర్ గారి వైపే కాస్త మొగ్గుతున్నాను, దెబ్బ తగిలిన ఒళ్ళు అన్న ఒక్క కారణంతో. సూలోర్ దాదాపు 12 కిలోమీటర్లు, 7.3 శాతం, అదేమీ తక్కువ కాదు, దాని మీద వింగెగార్డ్ టీమ్ ఊరుకుంటే మాత్రం వాళ్ళ ప్లాన్ ఏంటో నాకు అర్థం కాదు. ఆ తర్వాత ఎల్లుండి పేరగూడ్ మీదకి 11 కిలోమీటర్ల కొండ టైమ్ ట్రయల్, శనివారం టూర్మలే మీదుగా సూపర్‌బనేర్. మూడు రోజులు వరసగా. రేపు దెబ్బతిన్నవాడికి తేరుకునే టైము కూడా ఉండదు.

రేపు వెళ్ళాలనుకునే వాళ్ళకి. ట్రైనర్లు మధ్యాహ్నం నాలుగు దాకానే ఇస్తారు, ఆ తర్వాత గది టీవీ వాళ్ళకి. మధ్యాహ్నం మూడు గంటల స్లాట్ నేను తీసుకున్నాను, రెండింటిది ఈ సాయంత్రం నేను వచ్చేసేటప్పటికి ఖాళీగానే ఉంది, ఫ్యాను ఉన్న ట్రైనరే. ముందు 34, వెనక కనీసం 30 లేని సైకిల్ తీసుకురాకండి, మోకాళ్ళు పోతాయి. పేరు చెప్పి కుర్చీ ఆపించుకోవడం లాంటివి ఉండవు, ముందొచ్చిన వాళ్ళకే. సూలోర్ మన టైముకి ఏడు, ఎనిమిది మధ్యలో మొదలవుతుందని నా అంచనా, ఆరున్నరకే వచ్చి కూర్చోండి. వెనక వరసలో కుడివైపు చివరి కుర్చీ కాలు విరిగి ఉంది, దాంట్లో మాత్రం కూర్చోకండి.